రోకలిబండ చేసిన మట్టి

సరుగుడు తోటలో నడిచినవాళ్లకు తెలుసు, అక్కడ అడుగు చప్పుడు వినపడదు. చీరాల వైపయినా బారువ వైపయినా, సముద్రపొడ్డు తోటల్లో కాళ్ల కింద ఎండు పుల్లల పరుపు మెత్తగా దిగబడుతుంది. పొయ్యిలోకని ఊడ్చుకుపోయేవాళ్లు రాకపోతే ఆ పరుపు ఏళ్లు గడిచినా అలాగే ఉంటుంది. ఓ పట్టాన కుళ్లదు. చిన్నప్పుడు ఆ పుల్లని కణుపు దగ్గర విరిచి, మళ్లీ అతికించి, ‘ఎక్కడ విరిచానో చెప్పుకో’ అని ఆడుకునేవాళ్లం. మేం ఆకులనుకున్నవి ఆకులు కావనీ, అవి సన్నని కొమ్మలనీ, అసలు ఆకులు కణుపు చుట్టూ పాలపళ్లలా అంటుకుని ఉండే పొలుసులనీ చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

ఆ కుళ్లని పుల్లలే 1970లలో కెన్యాలో ఒక తోటమాలికి పెద్ద చిక్కు తెచ్చిపెట్టాయి. ఆ చిక్కును విప్పింది ఒక రోకలిబండ.

మొంబాసా పట్నానికి ఉత్తరంగా బంబూరి అనే ఊరుంది. అక్కడి నేల ఒకప్పటి పగడపు దిబ్బ. సముద్రం వెనక్కి తగ్గాక గట్టిపడి సున్నపురాయి అయింది. 1954 నుంచి ఒక సిమెంటు ఫ్యాక్టరీ ఆ రాయిని తవ్వి, కాల్చి, బస్తాలకెత్తింది. తవ్విన చోట మిగిలింది తెల్లటి బండ. ఎండకు కళ్లు జిగేలుమంటాయి. మట్టి లేదు, నీడ లేదు. కాస్త లోతుగా గీకితే నీళ్లున్నాయి గానీ ఉప్పునీళ్లు. కంపెనీ తోటలు చూసుకోడానికి వచ్చిన రెనే హాలర్ అనే స్విస్ మనిషి 1971లో ఈ బండ మీద చెట్లు పెంచే పనికి పూనుకున్నాడు.

అతని దగ్గర సిద్ధాంతమేమీ లేదు. 26 రకాల మొక్కలు తెచ్చి నాటి చూశాడు. బతికి బట్టకట్టినవి మూడే. ఒకటి కొబ్బరి. ఇంకొకటి సోమాలియా వైపు పెరిగే కోనోకార్పస్. మన రోడ్ల మధ్య వరసలుగా నాటి, తర్వాత తిట్టిపోసి, ఇక నాటవద్దని తెలంగాణలో ప్రభుత్వమే చెప్పిన కోనోకార్పస్ ఈ కుటుంబానిదే. మూడోది సరుగుడు.

సరుగుడుకు ఆ బండ మీద బతుకు ఎలా దొరికింది? వేరుశనగ మొక్కను పీకి చూసిన రైతుకు వేళ్ల మీది బుడిపెలు తెలుసు. గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బాక్టీరియా వాటిలో కాపురముంటుంది. సరుగుడు పప్పుజాతి చెట్టు కాదు. అయినా దాని వేళ్లకూ బుడిపెలుంటాయి. అందులో ఉండేది ఫ్రాంకియా అనే వేరే సూక్ష్మజీవి. చేసే పని మాత్రం అదే. అంటే సరుగుడు తన ఎరువు తానే తెచ్చుకుంటుంది. ఉప్పుగాలిని తట్టుకుంటుంది. ఆకులు పొలుసులంతే కాబట్టి నీటిని పొదుపుగా వాడుతుంది. మట్టి లేని చోటికి ముందుగా వెళ్లి పాక వేసుకునే చెట్టు అది. బండను పగలగొట్టి చేసిన గుంటల్లో నాటిన మొక్కలు నిలదొక్కుకున్నాయి, పెరిగాయి, ఆ తెల్లటి నేల మీద మొదటిసారి నీడ పడింది.

పడింది గానీ, ఆ నీడలో మరో మొక్క రాలేదు. రాలిన పుల్లలు రాలినట్టే పోగుపడ్డాయి. వాటిలో టానిన్లు ఎక్కువ. కరక్కాయ కొరికితే నోరు పట్టేసే వగరు ఉంటుందే, ఆ వగరు ఇచ్చే పదార్థాలివి. మామూలు అడవిలో ఇలాంటి ఆకులను కూడా అరిగించగల బూజులూ పురుగులూ మట్టిలో కోట్లాదిగా ఉంటాయి. బండ మీద మట్టే లేనప్పుడు అవెక్కడివి? చెట్టుంది, చెత్తుంది, మట్టి లేదు. చెట్లు నాటడమే అడవి పెంచడం అనుకునే మన హరిత కార్యక్రమాలన్నీ ఇక్కడే ఆగిపోతాయి. ఫొటోలో పచ్చగానే ఉంటుంది మరి.

ఆ తీరంలోనే ఉండే ఎర్రకాళ్ల రోకలిబండ ఒకటి ఈ ఎండు పుల్లల్ని కొరుక్కు తినడం హాలర్ గమనించాడు. మనకు రోకలిబండ అంటే తొలకరి వానకు గోడలెక్కే పురుగు. తాకితే రూపాయి బిళ్లలా చుట్టుకుంటుంది. జెర్రితో కలిపి దీన్నీ చంపేస్తారు పాపం. జెర్రి వేటాడే జీవి, కుడుతుంది. రోకలిబండకు కుట్టడం రాదు, రాలినదాన్ని తిని బతుకుతుంది. దాని పొట్టలోని సూక్ష్మజీవులు ఆ పుల్లల పని పడతాయి. అరిగింది అరగ్గా మిగిలిన పొడి ఉండలుగా బయటికొస్తుంది. నలిగిపోయింది కాబట్టి తడి పట్టుకుంటుంది. తడి ఉంటే బూజు పడుతుంది, బూజు పడితే మిగతా పని అది చేస్తుంది. హాలర్ వందల కొద్దీ రోకలిబండల్ని పట్టించి తెచ్చి సరుగుడు చెట్ల కింద వదిలాడు. వాటికి అంత తిండి ఎక్కడా దొరకదు, శత్రువులు కూడా అప్పటికింకా రాలేదు. అవి పిల్లాపాపలతో విస్తరించాయి. బండ మీద నల్లటి మట్టి పొర మొదలైంది.

రాయి తనంతట తాను మట్టి కావాలంటే వందల ఏళ్లు పడుతుంది. బంబూరిలో మట్టి కింది రాతి నుంచి కాక పై నుంచి రాలిన చెత్తలో నుంచి పుట్టింది కాబట్టి ఏళ్లలోనే లెక్క తేలింది. ఆ పొర మీద స్థానిక చెట్లు నాటారు. ముఖ్యంగా మేడి, మర్రి కుటుంబానివి. మేడిపండు ఉందంటే దాని పువ్వులో దూరే కందిరీగ ఉండాలి, అవి రెండూ ఉంటే పిట్ట వస్తుంది, పిట్ట వస్తే దాని రెట్టలో మరో పది రకాల విత్తనాలు వస్తాయి. అంటే నాటే కూలి పిట్టల చేతికి మారింది. సరుగుడు చెట్లను వరసలు తీసి కొట్టి వాసాలకీ వంటచెరకుకీ అమ్మారు. ఉప్పునీటి గుంటల్లో చేపలు పెంచారు. చేపల మురికి నీళ్లను అంతరతామర మొక్కలు శుభ్రం చేశాయి. 1984లో జనాన్ని లోపలికి రానిచ్చారు. 1999లో ఆ చోటుకు హాలర్ పార్కు అని పేరు పెట్టారు.

ప్రపంచానికి ఆ పార్కు పేరు తెలిసింది మాత్రం వేరే కథ వల్ల. 2004 డిసెంబరు 26 సునామీలో తల్లిని కోల్పోయిన నీటిగుర్రం పిల్ల ఒకటి ఇక్కడికి చేరి, 130 ఏళ్లదని చెప్పే తాబేలు వెంట పడింది. పిల్ల పేరు ఓవెన్, తాబేలు పేరు ముజే. స్వాహిలీలో ముజే అంటే పెద్దాయన. పిల్లల పుస్తకాలన్నీ వాళ్లిద్దరి మీదే. రోకలిబండ మీద నాకు ఒక్కటీ కనబడలేదు.

ఇంత చెప్పాక ఒక అనుమానం కూడా చెప్పాలి. హాలర్ పెంచినది అక్కడ ముందున్న అడవి కాదు. పగడపు రాతి మీద వేల ఏళ్లుగా పెరిగిన తీరపు అడవిలో ఏ చెట్టు పక్కన ఏ తీగ ఉండేదో ఆ వరస పోయింది, అది తిరిగి రాలేదు. ఈ పార్కు వచ్చిందని సిమెంటు కంపెనీ తవ్వకం మానలేదు కూడా. ‘తర్వాత బాగుచేస్తాం’ అన్న మాట ‘ముందు తవ్వుకుంటాం’ అన్న మాటకు గొడుగు పట్టడం మనం ఎరగనిది కాదు. బంబూరి నుంచి నేర్చుకోవలసింది మరమ్మతు ఎలా చేయవచ్చన్నది. తవ్వకానికి అనుమతి పత్రంగా దాన్ని వాడుకోకూడదు.

ముందున్న అడవినే తిరిగి తేవాలన్న పట్టుదల ఉన్నవాళ్లు మన దేశంలో ఉన్నారు. ఢిల్లీ శివార్లలో, గురుగ్రామ్ అంచున, ఆరావళి కొండల్ని దశాబ్దాల పాటు తవ్విన నేల ఉంది. అక్కడ కంకర మిషన్లు ఆడాయి. తవ్వకం ఆగాక మిగిలింది గుంటలూ రాళ్లగుట్టలూ సర్కారు తుమ్మ. 2010లో నగరపాలక సంస్థతో కలిసి ‘ఐ యామ్ గుర్గావ్’ అనే పౌరుల బృందం దాదాపు 390 ఎకరాల ఈ నేలను పార్కుగా మార్చే పని చేతిలోకి తీసుకుంది. చెట్ల వ్యవహారం విజయ్ ధస్మానా చూశాడు.

అతను పెట్టుకున్న నియమం ఒక్కటే, ఆరావళిలో సహజంగా పెరిగే మొక్క తప్ప మరొకటి నాటకూడదు. వినడానికి సులువు. ఏ నర్సరీకి వెళ్లినా గుల్మొహర్, అశోక, బోగన్‌విల్లియా దొరుకుతాయి. ధౌ దొరకదు. ఆ కొండల ముఖ్యమైన చెట్టు ధౌ, మన చిరుమానుకు దగ్గర చుట్టం. కొనేవాడు లేడు కాబట్టి పెంచేవాడు లేడు. మిగిలిన పాత అడవుల్లో తిరిగి విత్తనం ఏరుకోవాలి. ధౌ విత్తనం ఓ పట్టాన మొలవదు కూడా. కాబట్టి నర్సరీ కూడా తామే పెట్టుకోవలసి వచ్చింది. అందుగ, మోదుగ, తపసి ఈ జాబితాలో మనకు తెలిసిన పేర్లు. మన్యంలో తపసి బంక సేకరించి గిరిజన కార్పొరేషన్‌కు అమ్మేవాళ్లకు ఆ తెల్లటి చెట్టు సంగతి చెప్పనక్కర్లేదు. అది మట్టిని అడగదు, బండ పగులులో వేరు దోపుకుని నిలబడుతుంది.

ఇక్కడ క్వారీ గురించి ఒక ముఖ్యమైన సంగతి బయటపడుతుంది. తవ్విన నేల అంతా ఒకే తీరుగా ఉండదు. నిట్టనిలువు గోడ, గోడ కింద నీడ, నీళ్లు నిలిచే పల్లం, రాతిపొడి పోసిన దిబ్బ, ఎండకు మాడే చదును, అన్నీ వందడుగుల్లో ఉంటాయి. ఎక్కడికి ఏ మొక్క అన్నది ఆ గుంటే చెబుతుంది. అందుగ నిటారు చరియకు, పల్లానికి నీడ కోరేవి, చదునుకు గడ్డి. బుల్డోజరు పెట్టి అంతా చదును చేసి, ఎర్రమట్టి పరిచి, వరసగా గుంటలు తీస్తే మొదట పోయేది ఈ వైవిధ్యమే. ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్‌లో మిల్లర్స్ డేల్ అనే పాత సున్నపురాతి క్వారీ ఇప్పుడు అడవి ఆర్కిడ్లకు పేరుపడింది. కారణం అక్కడ మట్టి బీదది కావడమే. సారవంతమైన మట్టి పోసి ఉంటే గడ్డి ఏపుగా పెరిగి ఆ పూలను మింగేసేది. రైతుబిడ్డలకు ఈ మాట మింగుడుపడదు. సారం లేని నేలను చూస్తే మన చేతులు ఊరుకోవు.

గురుగ్రామ్‌లో మొక్కలు నాటింది ఎక్కువగా ఎవరు? బడిపిల్లలు, ఆఫీసుల వాళ్లు, చుట్టూ అపార్టుమెంట్లలో ఉండేవాళ్లు. ఆరావళి కంకరతో పెరిగిన నగరంలో పదో అంతస్తు నుంచి దిగి వచ్చి అదే కొండకు చెట్టు నాటడంలో ఒక న్యాయం ఉందనిపిస్తుంది. ఆ పార్కు మధ్యగా రోడ్డు వేస్తామన్న ప్రతిపాదన వచ్చినప్పుడు అడ్డుపడింది కూడా ఈ స్థానికులే. తాను నాటిన మొక్క మీదుగా రోడ్డంటే ఎవరికైనా కడుపు మండుతుంది. ఆ పార్కు 2022 ఫిబ్రవరిలో మరో గుర్తింపు తెచ్చుకుంది. అభయారణ్యాల జాబితాలో లేకపోయినా జీవవైవిధ్యాన్ని కాపాడుతున్న ప్రాంతంగా, దేశంలో మొదటిదిగా, ప్రకటించారు.

అయినా ‘స్థానికులు’ అన్న మాట దగ్గర నేను కాస్త ఆగుతాను. అపార్టుమెంటు ఆయన స్థానికుడే. ఆ కొండ మీద తరతరాలుగా గొడ్లు కాసుకున్న పల్లె మనిషీ స్థానికుడే. చిన్న మొక్క బతకాలంటే మేక రాకూడదు. ఉదయపు నడకకు వచ్చేవాడికి గేటు తెరుచుకుని, మేకలతో వచ్చేవాడికి మూసుకుంటే ఆ కంచె ఎన్నాళ్లు నిలుస్తుంది? గడ్డి కోసుకుపోనివ్వడం, కాపలా పనీ నర్సరీ పనీ ఆ పల్లెవాళ్లకే ఇవ్వడం లాంటి ఏర్పాట్లు దయతో చేసేవి కావు. మొక్కకు నీళ్లు ఎంత అవసరమో ఇవీ అంతే.

పనిచేసే చేతుల మాట వచ్చింది కాబట్టి జోధ్‌పూర్ వెళ్లాలి. అది పూర్తిగా క్వారీ కథ కాదు. అయినా క్వారీ మనుషులు లేకపోతే ఆ కథే లేదు. 1459లో కట్టడం మొదలైన మెహరాన్‌గఢ్ కోట పక్కన 70 హెక్టార్ల రాతినేల సర్కారు తుమ్మతో నిండిపోయింది. 2006లో దాన్ని మళ్లీ ఎడారి మొక్కల చోటుగా మార్చే పని ప్రదీప్ కృషెన్‌కు అప్పజెప్పారు. సర్కారు తుమ్మను కొట్టడం తేలిక, చంపడం కష్టం. పైన నరికితే కింద మొదలు నుంచి పది కొమ్మలు లేస్తాయి. ఆ మొదలు రాతి పగులులో మూరెడు లోతున ఉంది. మిషను పట్టదు. కోట పక్కన తూటాలు పేల్చే మాటే లేదు.

అప్పుడు పిలిచింది ఖండ్‌వాలియాలను. జోధ్‌పూర్ ఇసుకరాతి గనుల్లో తరాలుగా రాయి కొట్టేవాళ్లు. వాళ్లు చేసిన మొదటి పని సమ్మెటతో రాతి మీద కొట్టి వినడం. ఆ చప్పుడును బట్టి రాయి ఎక్కడ గట్టిదో, ఎక్కడ లోపల పగులుందో చెప్పారు. పగులున్న చోట ఉలి పెట్టి, వేరు మొదలు దాకా దిగి, దాన్ని పెకలించారు. ఆ గుంటలే తర్వాత మొక్కలకు పనికొచ్చాయి. ఎందుకంటే సర్కారు తుమ్మ వేరు దిగిన చోటే తేమ దిగుతుంది, మరో వేరు కూడా దిగుతుంది. బండలో చెట్టుకు చోటెక్కడుందో వృక్షశాస్త్రం తేల్చలేకపోయింది, సమ్మెట తేల్చింది.

ఈ చెవి మన దగ్గరా ఉంది. వడ్డెర పెద్దలు బండ మీద సుత్తి వేసి, ఖంగుమందా మొద్దుగా పలికిందా అన్నదాన్ని బట్టి లోపలి సంగతి చెప్పగలరు. బేతంచెర్ల, తాండూరు నాపరాళ్ల గుంటలు, చీమకుర్తి గ్రానైట్ లోయలు, ఊరూరా ఉండే కంకర క్వారీలు. వీటిలో పని అయిపోయాక ఆ చెవికి పని ఉండదు. పెద్ద గనులకు మూసివేత ప్రణాళిక ఇవ్వాలని 2003 నుంచి కేంద్ర నిబంధన ఉంది. ఇళ్లు కట్టే రాయి చిన్నతరహా ఖనిజం కింద రాష్ట్రాల చేతిలో ఉంటుంది. ఊరి చివరి క్వారీ చాలా చోట్ల చేసేవాడు చేసి వెళ్లిపోయిన గుంటగానే మిగులుతుంది. తర్వాత అందులో చెత్త పోస్తారు, లేదా ఏటా వేసవిలో ఎవరో ఒక పిల్లవాడు ఈతకని దిగి పైకి రాడు.

ఆ గుంటను ఎలా మలచాలన్న ప్రశ్నకు పిట్టలూ పిల్లల తల్లులూ ఒకే జవాబు చెబుతారని నాకు ఆలస్యంగా అర్థమైంది. నాలుగువైపులా నిలువు గోడలున్న లోతు నీళ్లలో జీవం తక్కువ. వెలుతురు అడుగుదాకా దిగదు, తుంగ మొలవదు, కొంగ నిలబడలేదు. ఒక్క పక్క గోడను కూల్చి ఏటవాలుగా చేస్తే మోకాలి లోతు నీళ్లు వస్తాయి. తుంగ, కప్ప, తూనీగ, కొంగ అక్కడే చేరతాయి. జారిపడిన మేకా పిల్లవాడూ ఎక్కి రాగలిగేదీ అక్కడే. ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జికి దగ్గర్లో నీడింగ్‌వర్త్ అనే చోట ఇసుకా గులకరాయీ తవ్వే కంపెనీ, పక్షుల సంఘం కలిసి ఈ పనినే పెద్ద ఎత్తున చేస్తున్నాయి. ఒక్కో ముక్క తవ్వకం అయ్యేసరికి దాన్ని లోతు తక్కువ మడుగుగా మలిచి అప్పగిస్తారు, పక్క ముక్కలో తవ్వకం నడుస్తూనే ఉంటుంది. రెల్లులో దాక్కుని బూర ఊదినట్టు కూసే ఒక రకం కొంగ అక్కడికి వచ్చి చేరింది. అన్నీ అయ్యాక చూద్దాం అనకుండా తవ్వకంతో పాటే మరమ్మతు కూడా నడవడం అందులో నాకు నచ్చిన విషయం.

ఒక గోడనైతే వదిలేయాలి. గుడ్లగూబల్లో పెద్దది, చెవుల్లా నిక్కపొడుచుకున్న ఈకలుండేది ఒకటుంది. అది గూడు కట్టదు. రాతి చరియ మీది అరలో, ఉట్టి నేల మీదే గుడ్లు పెడుతుంది. కొండలు కంకరై పోయిన చోట పాత క్వారీ గోడే దానికి మిగిలిన కొండ. మెత్తటి మట్టిగోడ ఉంటే పసిరిక పిట్టలు బొరియలు తవ్వుతాయి. మనిషి చేసిన గాయమని మనం అనుకునేది వాటికి ఇల్లు. రాత్రిపూట ఆ గూబ కూత విని అపశకునమని రాళ్లేసే ఊళ్లున్నాయి. చుట్టుపక్కల చేలల్లో ఎలుకల్ని పట్టేది అదేనని రైతుకు ఒకసారి తెలిస్తే, ఆ గోడకు వేరే కాపలా అక్కర్లేదు.

పోయిన ఏడాది వానాకాలంలో మా వైపు, ఇరవై ఏళ్లుగా పని ఆగిన ఒక క్వారీలోకి దిగాను. వెంట ఒక ముసలి వడ్డెర తాత వచ్చాడు. చేతికర్రతో బండల మీద కొడుతూ నడిచాడు, అలవాటు పోలేదు. తూర్పు గోడకు నడుమెత్తులో ఒక రావి మొక్క, దాని పక్కనే జానెడు దూరంలో ఒక మేడి, ఇంకో జానెడు దూరంలో ఏదో తీగ, దారం పట్టి నాటినట్టు ఒకే వరసలో ఉన్నాయి. పిట్ట రెట్టలో వచ్చిన విత్తనాలకు ఈ వరస ఎలా వచ్చిందని అడిగాను.

‘రాయి చీల్చడానికి చీలలు దిగ్గొట్టే బొక్కలు గదయ్యా అవి’ అన్నాడు తాత. ‘మా నాయన ఏసినాడు. రాయి ఇరగలా, ఒదిలేసినారు.’